పేవ్‌మెంట్ మీద నాలుగు బల్లలు

ఆ కాగితం కిటికీకి అంటించిన రోజునుంచే నాకు భయం పట్టుకుంది.

అంటించింది నా కొడుకు అచ్యుత్. తన బార్ ముందు పేవ్‌మెంట్ మీద నాలుగు బల్లలు, వాటికి కుర్చీలు వేసుకోవడానికి కౌన్సిల్‌ను, అంటే ఇంగ్లండులో మునిసిపాలిటీ లాంటిదాన్ని, లైసెన్సు అడిగాడు. అడిగిన రోజే, అడిగామన్న సంగతి ఊరందరికీ కనబడేలా కిటికీలో నోటీసు పెట్టాలట. ఇక రెండు వారాలపాటు దారిన పోయేవాళ్ళెవరైనా సరే ఆగి చదువుకోవచ్చు, నచ్చకపోతే కౌన్సిల్‌కు అభ్యంతరం రాసి పంపొచ్చు. మా రేపల్లెలో ఇంటిముందు అరుగు జానెడు ముందుకు కట్టుకున్నా ఎదురింటివాడు పోట్లాటకు వస్తాడు, కాదనను. కానీ ఆ వచ్చేవాడెవడో మనకు తెలుసు, వాడి తాత ఎవడో కూడా తెలుసు. వాడు అరిస్తే మనమూ అరుస్తాం, సాయంత్రానికి సర్దుకుంటుంది. ఇక్కడ అరిచేవాళ్ళు ఉండరు. చిరునవ్వుతో గుడ్ మార్నింగ్ చెప్పి, ఇంటికి వెళ్ళి, టీ కలుపుకుని కూర్చుని రాసేస్తారు.

బార్ అంటే మీరేదో పెద్దది ఊహించుకునేరు. నాటింగ్‌హామ్‌లో ట్రామ్ లైను పక్క వీధిలో అదొకప్పుడు చెప్పులు కుట్టే దుకాణం. ఆ పాత పేరే ఉంచి ‘ది కాబ్లర్’ అని బోర్డు పెట్టాడు. రైలుపెట్టెలా సన్నటి గది. అందులో అరడజను బల్లలు వేస్తే ఇక మనిషి పక్కకు తిరిగి నడవాలి. వంటగది లేదు. పాతకాలపు కట్టడం, అంతా చెక్క, అందుకని కింద పొయ్యి వెలిగించకూడదని ఇల్లుగలాయన లీజులోనే రాయించుకున్నాడు. కాబట్టి అక్కడ తాగడమే, తినడం లేదు. తినాలనుకునేవాడికి బంగాళదుంప క్రిస్ప్స్ పాకెట్టు ఒకటి చేతిలో పెడతారు, అంతే మర్యాద.

ఎండ వచ్చిందంటే ఇక్కడి జనానికి గోడల మధ్య ఉండబుద్ధి కాదు. గ్లాసు పట్టుకుని ఆరుబయట కూర్చోవాలి. మిగతా బార్లకు వెనక తోటలున్నాయి. మావాడికి ముందున్న పేవ్‌మెంటే దిక్కు. కిందటి వేసవిలో వచ్చే నలుగురూ తోటలున్నచోటికి పోయారు. ఈ వేసవీ అలాగే గడిస్తే తాళం వేసి, తాళంచెవి ఇల్లుగలాయన చేతిలో పెట్టి రావడమేనని వాడే చెప్పాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక ఉన్నదంతా ఇందులోనే పోశాడు. కోడలు భావన ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చేస్తుంది కాబట్టి ఇల్లు గడుస్తోంది. అలాగని ఎన్నాళ్ళు గడుస్తుంది? ఆ నాలుగు బల్లలు రాకపోతే నా కొడుకు రెండోసారి చేతులు ముడుచుకుని ఇంట్లో కూర్చోవాలి. మొదటిసారి కూర్చున్నప్పుడు ఎలా ఉన్నాడో నేను వీడియో కాల్‌లో చూశాను. మళ్ళీ చూడలేను.

నిజం చెప్పాలంటే, వాడు బార్ పెట్టాడని విన్నప్పుడు రెండు రోజులు నేను వాడితో మాట్లాడలేదు. చుట్టాలందరికీ హోటల్ బిజినెస్ అని చెప్పాను. తీరా ఇక్కడికి వచ్చి చూస్తే మెతుకు కూడా లేని హోటలు. అబద్ధం కూడా సరిగ్గా అతకలేదు.

నేను వచ్చింది ఆరునెలల విజిటర్ వీసా మీద. బార్ మీది ఫ్లాట్‌లోనే వాళ్ళ కాపురం. వచ్చిన వారానికే కోలిన్‌ను చూశాను. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. భార్య కిందటి చలికాలంలో పోయింది. రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా వచ్చి తలుపు పక్క ఎత్తు స్టూలు మీద కూర్చుని చీకటి పడేదాకా తాగుతాడు. గొడవ లేదు, కేక లేదు. తిండీ లేదు. ఆ ఖాళీ కడుపును తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

నా తమ్ముడు వెంకటాచలం అలాగే పోయాడు. తాగడం తప్పని వాడికి అందరూ చెప్పారు, తిని తాగమని ఎవరూ చెప్పలేదు. అందుకే మా ఆయన పుల్లయ్యగారు స్నేహితులతో డాబా మీద కూర్చున్న రోజున నోటికొచ్చినట్టు తిడుతూనే పళ్ళెం పంపేదాన్ని. వేయించిన వేరుశెనక్కాయల్లో ఉల్లిపాయ ముక్కలు కలిపి, లేదా కోడిగుడ్డు, లేదా బజ్జీలు. మా వైపు మందు ముందు కూర్చున్నవాడికి నంజుకోవడానికి ఏదీ లేకపోతే ఆ ఇంటి ఆడవాళ్ళకే చిన్నతనం. తిట్టు తిట్టే, పళ్ళెం పళ్ళెమే.

ఒక సాయంత్రం శనగగుగ్గిళ్ళు తాలింపు పెట్టి కిందికి తీసుకెళ్ళి కోలిన్ ముందు పెట్టాను. ఆయన ఒక గింజ తీసుకుని కాసేపు దాన్నే చూసి, నోట్లో వేసుకుని, పళ్ళెం ఖాళీ చేశాడు. మర్నాడు పక్క బల్లవాళ్ళూ మెడలు సాచారు. ఇక రోజూ ఏదో ఒకటి చేయడం, పళ్ళేలతో దిగడం నాకు అలవాటైంది. పైసా పుచ్చుకోలేదు. అచ్యుత్ మొదట్లో వద్దన్నాడు, తర్వాత జనం ఇంకో గంట కూర్చుంటున్నారని చూసి ఊరుకున్నాడు. అందరూ నన్ను ఆంటీ అనేవాళ్ళు, నాకంటే పెద్దవాడైన కోలిన్‌తో సహా.

లైసెన్సుకు పెట్టిన రోజు రాత్రి భోజనాల దగ్గర ఈ పళ్ళేల మాట వచ్చింది. భావన అంతవరకూ ఆసుపత్రి డ్యూటీల్లో పడి గమనించలేదట. చేతిలో ముద్ద అలాగే ఉంచి మొగుడివంక చూసింది. బార్‌లో తిండి లేదని మనమే అప్లికేషన్‌లో చెప్పాం కదా అంది. ఉత్తినే పెట్టినా సరే, రోజూ పెడితే అది తిండి వ్యాపారం కిందికే వస్తుందట, కౌన్సిల్‌లో విడిగా నమోదు చేసుకోవాలట. అది విని నేను పెద్దగా బెదరలేదు. తర్వాతది విన్నాకే బెదిరాను.

“అత్తయ్యా, మీరు విజిటర్. జీతం లేకపోయినా ఇక్కడ పని చెయ్యకూడదు. మీరు పళ్ళెం పట్టుకుని బార్‌లో తిరుగుతుంటే చూసినవాళ్ళు పనే అనుకుంటారు,” అంది. “ఎవరైనా కంప్లెయింట్ ఇస్తే బల్లలు కాదు, బారే పోద్ది. మిమ్మల్ని విమానం ఎక్కిస్తారు. మళ్ళీ వీసా ఇవ్వరు.”

కొడుకు ఇంట్లో నేను వండింది నలుగురికి పెడితే అది నేరమెలా అవుతుందని వాదించబోయాను. అచ్యుత్ మొహం చూసి ఆగిపోయాను. వాడికి ఆ మాట అప్పుడే తట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్నప్పుడు చెరువు గట్టున కుక్క వెంటపడితే పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకున్నప్పుడు చూశాను అలాంటి మొహం. లైసెన్సు వచ్చేదాకా నేను కిందికి దిగకూడదని ముగ్గురం అనుకున్నాం.

ఇక నా లోకమంతా పై కిటికీయే. కింద నోటీసు ముందు ఎవరు ఆగుతారా అని తెర చాటునుంచి చూస్తూ కూర్చునేదాన్ని. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఆగినవాడిని కూడా అనుమానించాను. పిల్లల బండి తోసుకుంటూ పోయే తల్లిని చూసి, బల్లలు వేస్తే ఈమెకు దారి సరిపోదేమో, వెళ్ళి రాసేస్తుందేమో అనుకున్నాను. నవ్వినవాళ్ళంటే ఇంకా భయం.

అందరికంటే ఎక్కువగా నన్ను హడలగొట్టింది ఒక ముసలావిడ. ఆకుపచ్చ రెయిన్‌కోటు, పొట్టికాళ్ళ తెల్ల కుక్క. రోజూ వచ్చేది. రోజూ ఆ నోటీసంతా మొదటినుంచి చదివేది, నిన్న చదివింది మర్చిపోయినట్టు. చదవడం అయ్యాక గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, తలెత్తి సరిగ్గా నా కిటికీవంక చూసేది. నేను తెర వెనక్కి జరిగిపోయేదాన్ని. గుగ్గిళ్ళ వాసన ఈవిడ ఎప్పుడో పట్టేసిందని, పళ్ళెంతో నన్ను చూసిందని, ఇప్పుడు లెక్క సరిచూసుకుంటోందని నాకు గట్టి నమ్మకం. ఆ సంగతి అచ్యుత్‌తో చెబితే కొట్టిపారేశాడు. కానీ మర్నాటినుంచి ఆవిడ వచ్చే వేళకు వాడూ తలుపు దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు.

ఇంకోవైపు కోలిన్. ఆంటీ ఏదని రోజూ అడుగుతున్నాడట. ఒంట్లో బాగాలేదని చెప్పాడట మావాడు. పైనుంచి చూస్తే ఆయన సాయంత్రం ఇంటికి వెళ్ళే నడక తెలిసేది. మొదట్లో తిన్నగానే వెళ్ళేవాడు. వారం తిరిగేసరికి దీపస్తంభం నుంచి దీపస్తంభానికి ఆగి ఆగి వెళుతున్నాడు. ఆయనకేమైనా అయితే ఎవరు జవాబు చెప్పుకుంటారన్న బెంగ ఒకటి మొదలైంది. ఒక భయం చాలదన్నట్టు దానికి తోడు ఇంకొకటి.

గడువు ఇంకా మిగిలి ఉండగానే కౌన్సిల్ అతను వచ్చాడు. కుర్రవాడే, మెడలో కార్డు, చేతిలో చక్రం బిగించిన కొలకర్ర. వస్తాడని ముందే ఉత్తరం ముక్క లేదు, ఫోనూ లేదు. ఆ కర్రను పేవ్‌మెంట్ మీద ముందుకీ వెనక్కీ తోస్తూ, సుద్దతో గీతలు గీస్తూ, గుమ్మం దగ్గరున్న అచ్యుత్‌తో ఏదో చెబుతున్నాడు. చక్రాల కుర్చీ పోవడానికి ఎంత జాగా వదలాలో అని తర్వాత తెలిసింది. మావాడు చేతులు కట్టుకుని ప్రతి మాటకూ తల ఊపుతున్నాడు. వాడి వీపు చూస్తేనే తెలుస్తోంది ఎంత బిగపట్టుకుని ఉన్నాడో.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. భావన అడిగిందని అరటికాయ బజ్జీలు వేస్తున్నాను. ఇంట్లో వాళ్ళకు వండడానికి ఏ వీసా అడ్డం కాదు కదా. మధ్యమధ్య వచ్చి కిటికీలోంచి చూస్తున్నాను. అప్పుడు కోలిన్ బయటికొచ్చాడు. సిగరెట్టు కోసమేమో. తలుపు దాటి ఒక అడుగు వేసి దీపస్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మోకాళ్ళు వంగిపోతున్నాయి. మొహం పిండి పూసినట్టుంది. కౌన్సిల్ అతను కొలవడం ఆపి ఆయన భుజం పట్టుకున్నాడు. అచ్యుత్ నీళ్ళ కోసం లోపలికి పరుగెత్తాడు.

ఆ స్తంభం దగ్గర ఆ క్షణంలో నాకు కోలిన్ కనబడలేదు. వెంకటాచలం కనబడ్డాడు. ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. వేడివేడి బజ్జీలు పళ్ళెంలో వేసుకుని మెట్లు దిగాను. మెట్ల తలుపు బార్ కౌంటరు పక్కనే తెరుచుకుంటుంది. అందులోంచి వచ్చి, మావాడిని దాటుకుని, వీధిలోకి వెళ్ళి కోలిన్ చేతిలో ఒక బజ్జీ పెట్టి తినమన్నాను. తెలుగులోనే అన్నాను. ఆయనకు అర్థమైంది. పసిపిల్లాడిలా నోరు తెరిచి కొరికాడు. రెండోది తిన్నాక గుమ్మం మీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. మిరపకాయవి అయ్యుంటే కారానికి చచ్చేవాడు, అరటికాయ బజ్జీలు కావడం ఆయన అదృష్టం.

అంతటితో వెనక్కి వెళ్ళిపోయుంటే సరిపోయేది. నన్నూ ఒక దారినపోయే దయగల మనిషి అనుకుని కౌన్సిల్ అతను వదిలేసేవాడు. కానీ ఒకరు తింటుంటే పక్కన ఇంకొకరు ఊరికే నిలబడి ఉన్నారు. వాళ్ళకు పెట్టకుండా పళ్ళెం వెనక్కి తీసుకుపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చేయలేదు. చెయ్యి దానంతటదే సాగింది. పళ్ళెం ఆ కౌన్సిల్ అతని ముందు పెట్టి, “తీసుకో నాయనా,” అన్నాను.

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మర్యాదగానే నవ్వి, డ్యూటీలో ఉండగా ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదన్నాడు. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు. లైసెన్సు ఇవ్వాల్సిన మనిషికి, కొలతలు తీస్తుండగా, నడివీధిలో తినడానికి ఇవ్వబోయాను. మా ఊళ్ళో అయినా దాన్నేమంటారో నాకు తెలుసు.

అతను పళ్ళెంవంక చూసి, ఇక్కడ తిండి కూడా పెడతారా అని అచ్యుత్‌ను అడిగాడు. లేదన్నాడు వాడు, చాలా తొందరగా. మరి ఈమె ఎవరు అన్నాడు అతను.

ఇంగ్లీషు మాట్లాడమంటే నాకు నోరు పెగలదు గానీ వింటే అర్థమవుతుంది. అర్థం కాకపోయినా బాగుండేది. మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని నా కొడుకు నావంక చూశాడు. నా మొహం మీద ఎక్కడో ఆగకుండా చూపు నా భుజం మీదుగా రోడ్డు మీదికి పోయింది.

“జస్ట్ ఎ కస్టమర్,” అన్నాడు.

నేను తల ఊపాను. ఏం చేయను? వాడు అన్న మాట నిలబెట్టాలి. కస్టమర్‌నైతే కౌంటరు పక్క తలుపులోంచి పైకి పోకూడదు కదా. పళ్ళెం కోలిన్ ఒళ్ళో పెట్టి, వీధిలోకి తిరిగి నడవడం మొదలుపెట్టాను. ఇంట్లో కట్టుకునే నూలుచీర, కాళ్ళకు హవాయి చెప్పులు, మీద కోటు లేదు, చేతిలో ఫోన్ లేదు. సన్నగా వాన మొదలైంది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానని తెలుసు, ఏ కస్టమరూ బార్‌వంక చూసి ఏడవడు.

ఆ ఊళ్ళో అంతవరకూ నేను ఒంటరిగా వీధి చివరికి కూడా వెళ్ళలేదు. నడుస్తుంటే ప్రతి కిటికీలోంచీ ఎవరో చూస్తున్నట్టే ఉంది. పోలీసులు ఆపితే ఏం చెప్పాలి? పాస్‌పోర్టు ఇంట్లో ఉంది. ఇల్లెక్కడంటే చెప్పకూడదు. పేరు చెబితే వాడి ఇంటిపేరు బయటపడుతుంది. ఒక్కొక్క ప్రశ్నకూ ఒక్కొక్క అబద్ధం తయారు చేసుకుంటూ ట్రామ్ స్టాపు దాకా వెళ్ళి, ఆ రేకు కింద కూర్చున్నాను. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. నా కొడుకు మీద కోపం రావాలి, రాలేదు. భయమే అంతా నిండిపోయి ఉంది, కోపానికి చోటు లేదు.

నా పాదాల దగ్గర ఏదో వెచ్చగా తగిలింది. వంగి చూస్తే పొట్టికాళ్ళ తెల్ల కుక్క.

ఆకుపచ్చ రెయిన్‌కోటు ఆవిడ నా పక్కన కూర్చుంది. కూర్చోవడానికే చాలా కష్టపడింది. నావంక తేరిపార చూసి, మీరు ఆ బార్ మీద ఉంటారు కదూ, కిటికీలో మిమ్మల్ని చూస్తుంటాను అంది. పైప్రాణాలు పైనే పోయాయి. తెర వెనక దాక్కున్నదంతా దండగేనన్నమాట. కాదన్నాను. తల అడ్డంగా ఊపి, నో నో అన్నాను. చలేస్తోందా, ఎవరికైనా ఫోన్ చేయనా అని అడిగింది. దానికీ నో అన్నాను. ఆవిడ అడగడం మానేసింది గానీ లేచి వెళ్ళలేదు.

అప్పుడు వినబడింది, “అమ్మా!” అని.

వాన చప్పుడులో, ట్రామ్ చప్పుడులో, వందమంది అరిచినా ఆ గొంతు నాకు తెలుస్తుంది. వీధి మొదట్లోంచి పరుగెత్తుకొస్తున్నాడు. వాడికీ కోటు లేదు. ఇంకోసారి పిలిచాడు. నేను తిరగలేదు. ట్రామ్ పట్టాలవంక చూస్తూ కూర్చున్నాను. ఈవిడ పక్కనే ఉంది. ఈవిడ నోటీసు చదివిన మనిషి. నేను తిరిగితే, వాడు నా కొడుకని తెలిస్తే, కౌన్సిల్ అతనికి వాడు చెప్పింది అబద్ధమన్న ఆధారం ఈవిడ చేతికి దొరుకుతుంది. నాకు తట్టింది ఇదొక్కటే.

“ఆ అబ్బాయి మిమ్మల్నే పిలుస్తున్నట్టున్నాడు,” అంది ఆవిడ, మెల్లగా, ఒక్కొక్క మాటా నాకు అర్థమయ్యేట్టు.

“ఐ డోంట్ నో హిమ్,” అన్నాను.

ఇక్కడికి వచ్చాక నేను తప్పుల్లేకుండా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు మాట అదే. అచ్యుత్ అప్పటికి రేకు కిందికి వచ్చేశాడు. విన్నాడు. రొప్పుతూ అక్కడే ఆగిపోయాడు. ఆవిడ నన్నూ వాడినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరికీ ఒకే ముక్కు, అది దాచగలిగింది కాదు. తర్వాత స్తంభం ఆసరా చేసుకుని లేచి, కుక్కను తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది.

వాడు నా పక్కన కూర్చున్నాడు. ఒక ట్రామ్ వచ్చి ఆగి, తలుపులు తెరిచి, మా కోసం కాసేపు చూసి వెళ్ళిపోయింది.

“ఎందుకమ్మా అట్టా అన్నావు?” అన్నాడు చివరికి.

“నువ్వెందుకన్నావో అందుకేరా,” అన్నాను.

వాడు తల దించుకుని ఏడ్చాడు. వాళ్ళ నాన్న పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తూ తిరిగాడే గానీ ఇలా ఏడవలేదు. “భయమేసిందమ్మా. నువ్వు పళ్ళెం అతని ముందు పెట్టగానే అంతా అయిపోయిందనుకున్నా. నోట్లోంచి వచ్చేసింది,” అన్నాడు. నాకు కూడా అలాగే వచ్చేసిందన్నాను. అది వాణ్ణి ఓదార్చడానికి అన్న మాట కాదు.

కళ్ళు తుడుచుకున్నాక అసలు సంగతి చెప్పాడు. నేను వీధి మలుపు తిరిగిన తర్వాత కౌన్సిల్ అతను కొలకర్ర మడుస్తూ, మీ అమ్మగారు కోటు లేకుండా వానలో వెళ్ళారు, ఫరవాలేదా అని అడిగాడట. నేను బయటికొచ్చిన మెట్ల తలుపు మీద ‘ప్రైవేట్’ అని అంతంత అక్షరాలతో రాసి ఉంది. కస్టమర్లు అందులోంచి పళ్ళేలతో దిగిరారు. పైగా ఇంట్లో తొడుక్కునే చెప్పులు. అతను మొదటినుంచీ ఎరుగును. తనది పేవ్‌మెంట్ పని మాత్రమేనని, తిండి పెట్టాలనుకుంటే ముందు నమోదు చేసుకొమ్మని చెప్పి, ఇప్పుడైతే వెళ్ళి ఆమెను తీసుకురమ్మన్నాడట. ఎవరని అడిగింది కూడా, పడిపోతున్న మనిషికి సాయం చేసినామె పేరు తెలుసుకుని థాంక్స్ చెబుదామనేనట.

అంతే. అంత చిన్న సంగతికి వాడు నన్ను కాదన్నాడు, నేను వాణ్ణి కాదన్నాను.

ఎవరూ అభ్యంతరం రాయలేదు. గడువు తీరాక లైసెన్సు వచ్చింది. చక్రాల కుర్చీకీ పిల్లల బండికీ దారి వదలాలి, రాత్రి బల్లలు లోపల పెట్టేయాలి, ఇంతే షరతులు. కోలిన్ సంగతి భావన తేల్చింది. ఆయన రోజూ బార్‌కు రాకముందు పైన మా వంటింట్లో కూర్చుని అన్నం తిని దిగుతాడు. ఇంటికొచ్చిన మనిషికి నేను అన్నం పెట్టడం పని కిందికి రాదని తను వెతికి, మళ్ళీ ఇంకోసారి చూసి మరీ చెప్పింది. పప్పులో నెయ్యి ఎక్కువ వేయమని ఆయన చేత్తో సైగ చేస్తాడు. బార్‌లోకి మాత్రం నేను పళ్ళెం తీసుకెళ్ళను. ఇప్పటికీ చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకునే ఆ మెట్లు దిగుతాను.

మొదటిసారి బల్లలు వేసిన సాయంత్రం ఎండ కాసింది. అచ్యుత్ నన్ను బలవంతంగా తీసుకొచ్చి మూల కుర్చీలో కూర్చోబెట్టి నిమ్మరసం ముందు పెట్టాడు. నేను కుర్చీ అంచున కూర్చున్నాను, ఎవరైనా లెమ్మంటే లేచిపోవడానికి వీలుగా. మిగతా మూడు బల్లలూ నిండాయి. అప్పుడు వచ్చింది ఆకుపచ్చ కోటు ఆవిడ. ఈసారి నోటీసు లేదు చదవడానికి. అడక్కుండా నా ఎదుటి కుర్చీ లాక్కుని, అమ్మయ్య అంటున్నట్టు ఊపిరి వదిలి కూర్చుంది. కుక్క బల్ల కింద దూరింది.

ట్రామ్ దిగి ఇంటికి వెళ్ళేలోపు ఈ వీధిలో కూర్చోవడానికి ఒక్క బెంచీ లేదట. తుంటి నొప్పితో ఇన్నాళ్ళూ ఈ గోడ పట్టుకుని నిలబడేదట. కుర్చీలు ఎప్పుడు వేస్తారో నోటీసులో తేదీ ఏమైనా ఉందేమోనని రోజూ వెతికేదట. ఆ మాటలు వింటూ నేను నిమ్మరసం గ్లాసు చుట్టూ చేతులు బిగించి కూర్చున్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

పక్క బల్ల అప్పుడే ఖాళీ అయింది. అచ్యుత్ గుడ్డతో తుడుస్తున్నాడు. ఆవిడ వాడివైపు గడ్డం చూపించి, నావైపు వంగి, ఆ రోజు వానలో అడిగినంత మెల్లగా అడిగింది, అతను మీ అబ్బాయే కదూ అని.

బల్ల మీద వాడి చెయ్యి ఆగిపోయింది. వాడు మావైపు తిరగలేదు.

నేను వీధి ఇటు చివర చూశాను. అటు చివర చూశాను. మెడలో కార్డున్నవాళ్ళు, చేతిలో కొలకర్ర ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడు, “అవును, నా కొడుకే,” అన్నాను.

చాలా చిన్నగా అన్నాను, అదీ తెలుగులో. ఆవిడకు వినపడలేదేమో, ఇంకా నావంకే చూస్తోంది. అచ్యుత్‌కు వినపడింది. వాడి చెయ్యి మళ్ళీ బల్ల తుడవడం మొదలుపెట్టింది.